చందా మనది, బాకీ సర్కారుది

వాగు మీది కాలిబాట వంతెన కొట్టుకుపోతే మన ఊళ్లలో ఏం జరుగుతుందో అందరికీ ఎరుకే. మొదటి రోజు నాయకులు వస్తారు. గట్టు మీద నిలబడి ఫొటోలు దిగుతారు. రెండో రోజు ఇంజనీర్లు వచ్చి టేపు పట్టి కొలుస్తారు. ‘అంచనాలు పైకి పంపినం’ అంటారు. ఆ తర్వాత బతుకమ్మ పోతుంది, దసరా పోతుంది, సంక్రాంతి కూడా పోతుంది. అంచనా పైకి పోతుంది గానీ పైసలు కిందికి దిగవు. ఆఖరికి ఊరి పెద్దలు, యువజన సంఘం పిల్లలు కలిసి చందా పుస్తకం తీస్తారు. ఇంటికింత అని రాస్తారు. సిమెంటు పైపులు తెచ్చి, మొరం పోసి, ఇనుప రాడ్లకు వెల్డింగు పెట్టించి తొవ్వ వేసుకుంటారు. పని పూర్తయిన రోజు అదే నాయకుడు మళ్లీ వస్తాడు. రిబ్బను కత్తిరిస్తాడు. ‘ప్రజా చైతన్యానికి వందనాలు’ అంటాడు.

వందనాలు సరే, చెల్లింపు మాటేమిటి?

చందా ఇచ్చినవాళ్లను తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. బడికి పోయే పిల్ల వాగు ఒడ్డున నిలబడి ఏడుస్తుంటే ‘ఇది ప్రభుత్వ బాధ్యత’ అని ఉపన్యాసం ఇచ్చేవాడు మనిషి కాడు. తొవ్వ వేసుకోవాల్సిందే. కానీ వేసుకున్న తొవ్వకు లెక్క ఉండాలి. ఊరు పోగుచేసిన ప్రతి రూపాయి సర్కారుకు ఇచ్చిన చేబదులు. దానం కాదు, ధర్మం కాదు, పుణ్యం అసలే కాదు. చేబదులు ఇచ్చినవాడు కాగితం రాయించుకుంటాడు, గడువు దాటితే పోయి అడుగుతాడు. మనం మాత్రం ఇస్తున్నాం, మరిచిపోతున్నాం. సంగారెడ్డి – పటాన్‌చెరు పారిశ్రామిక వాడల్లో ఈ మరుపు ఇంకా పెద్ద తప్పు. ఎందుకంటే ఇక్కడ పైసలు లేక వంతెన ఆగదు. ఉన్న పైసలు ఊరి దాకా రాక ఆగుతుంది.

ఈ వాగు దాటుడు వేరు

వేరే జిల్లాల్లో వాగు దాటాలంటే చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, పిల్లను సంకనేసుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచిపోతారు. కష్టమే, కానీ అవి నీళ్లు. నక్కవాగు కథ వేరు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ 1970లలో మొదలైంది. ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం వరుసగా వచ్చాయి. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వదిలిన మురుగు ఏళ్ల తరబడి చెరువుల్లోకి, వాగుల్లోకి, అక్కడి నుంచి మంజీరలోకి పోయింది. పోచారం, బచ్చుగూడెం, ఆరుట్ల వంటి ఊళ్ల పొలాలు చెడిపోయాయి. బోర్లలో రంగునీళ్లు వచ్చాయి. పటాన్‌చెరులో దవాఖాన నడిపిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు రోగుల చర్మం మీది మచ్చలు చూసి, జబ్బు మూలం వాగులో ఉందని గుర్తించి, జీవితమంతా ఈ కాలుష్యం మీద కొట్లాడారు. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. కోర్టు ఆదేశాలతో రైతులకు పంట నష్టపరిహారం వచ్చింది గానీ వాగు మునుపటి వాగు కాలేదు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు అచ్చు వేసింది. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు తేలింది. గోలీ మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. అదీ శుద్ధి చేసిన తర్వాత! ప్రపంచమంతా ఆ అంకె చూసి నోరెళ్లబెట్టింది. ఇటువంటి నీళ్లు మోసిన వాగులో ఇంటర్ చదివే పిల్లను, నెలలు నిండిన ఆడమనిషిని, రాత్రి షిఫ్టు దిగి వచ్చే కార్మికుణ్ని ‘జర దిగి దాటుండ్రి’ అని ఎట్లా చెబుతాం? అందుకే ఇక్కడ కాలిబాట వంతెన సౌకర్యం కింద లెక్కకు రాదు. అది ఆరోగ్య రక్షణ.

వంతెనలు ఎందుకు పోతున్నాయో కూడా చూడాలి. ‘ప్రకృతి వైపరీత్యం’ అనే మాట సగం అబద్ధం. వాన ప్రకృతిదే. వరద మాత్రం మనిషి చేసింది. పైన గొలుసుకట్టు చెరువులు ఉన్నప్పుడు ఒక చెరువు నిండి మత్తడి దుంకితేనే కింది కుంటకు నీళ్లు వచ్చేవి. వాన పడిన గంటలకు గానీ వాగు పొంగేది కాదు. ఇప్పుడు శిఖం భూములు ప్లాట్లయ్యాయి. మత్తడి కాలువల మీద ప్రహరీలు లేచాయి. చెలకలు సిమెంటు అయ్యాయి. పడిన వాన ఇంకే జాగా లేక ఒక్కసారిగా వాగు మీద పడుతోంది. పాత లెక్కలతో వేసిన నాలుగు పైపుల కల్వర్టుకు ఆ నీళ్లు పట్టవు. దానికితోడు గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, కొట్టుకొచ్చిన తుమ్మ మొద్దులు పైపులకు అడ్డం పడతాయి. వంతెన కట్టగా మారుతుంది. నీళ్లు పక్కల నుంచి మట్టిని కోసుకుపోతాయి. రెండు దిక్కులా తొవ్వ తెగి, నడుమ వంతెన దీవిలా మిగులుతుంది. లేదంటే పునాది కింద ఇసుక జారి మొత్తమే కూలుతుంది.

పైనున్న చెరువును ప్లాటు చేసి లాభం తిన్నది ఒకరు. కింద కొట్టుకుపోయిన వంతెనకు చందా వేసుకునేది ఇంకొకరు. ఇదేం న్యాయం?

మన పైసలు ఎటు పోతున్నాయి?

ఈ ప్రాంతం దేశానికి తక్కువేమీ ఇవ్వలేదు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌కు భూములు ఇచ్చింది. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారానికి ఇచ్చింది. పటాన్‌చెరులో 1972లో వచ్చిన ఇక్రిశాట్‌కు ఇచ్చింది. మంజీర నీళ్లు 1965 నుంచే పట్నం గొంతు తడుపుతున్నాయి. ఈ వాడల్లో తయారైన మందులు, యంత్రాలు దేశదేశాలకు పోతున్నాయి. ప్రతి లోడు మీద పన్ను వసూలవుతోంది. ఇంత ఇచ్చిన నేల మీద ఒక నడక వంతెనకు చందా పుస్తకం తీయాల్సి రావడం సిగ్గుచేటు.

ఊరి పంచాయతీకి పైసలెందుకు ఉండవో చాలామందికి తెలియని ఒక లెక్క ఉంది. పారిశ్రామిక వాడ లోపల ఆస్తిపన్ను వసూలు చేసేది పంచాయతీ కాదు. పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ కింద ‘ఐలా’ అనే అధికార వ్యవస్థ ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఐఐసీ కింద మొదలైన ఈ ఏర్పాటు తెలంగాణలోనూ కొనసాగింది. ఫ్యాక్టరీల పన్ను అది వసూలు చేసుకుంటుంది. అందులో 35 శాతం స్థానిక సంస్థకు ఇవ్వాలి. మిగిలింది వాడ లోపలి రోడ్లు, దీపాలు, కాలువలకు ఖర్చవుతుంది. అంటే గేటు లోపల సిమెంటు రోడ్డు, గేటు బయట బురద బాట. కార్మికుడు పొద్దంతా పనిచేసేది లోపల, రాత్రి పడుకునేది బయట. ఆ 35 శాతమైనా ఏటేటా సరిగ్గా వస్తోందా, వస్తే ఏ పద్దులో పడుతోంది, ఊరు అడిగిందా? సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఒక్క దరఖాస్తు పెడితే ఈ లెక్క బయటికి వస్తుంది. చందా పుస్తకం తెరిచే ముందు ఈ పుస్తకం తెరిపించాలి.

రెండో లెక్క కంపెనీలది. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్ల రూపాయల నికర లాభం, లేదా 1000 కోట్ల టర్నోవర్, లేదా 500 కోట్ల నికర విలువ దాటిన కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. తాను పనిచేస్తున్న చుట్టుపక్కల ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. గ్రామీణాభివృద్ధి పనులు ఆ జాబితాలో ఉన్నాయి. విపత్తుల తర్వాత పునర్నిర్మాణం కూడా 2019లో చేరింది. కంపెనీలు ఏం చేస్తున్నాయి? బడిపిల్లలకు సంచులు పంచి, మొక్కలు నాటి, పత్రికలో ఫొటో వేయించుకుంటున్నాయి. సంచి మంచిదే. కానీ ఆ సంచి వీపున వేసుకుని పిల్ల వాగు ఎట్లా దాటాలి?

మూడో లెక్క సర్కారుది. వరద నష్టం వచ్చినప్పుడు రాష్ట్ర విపత్తు నిధి నుంచి పైసలు వస్తాయి. అందులో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. కానీ ఆ నిధి నిబంధనలు తక్షణ మరమ్మతులకే పరిమితం. ఇసుక బస్తాలు వేయడం, గండి పూడ్చడం, తాత్కాలికంగా బాట కలపడం వరకే. వంతెనను ఎత్తు పెంచి శాశ్వతంగా కట్టాలంటే రాష్ట్ర బడ్జెట్లో వేరే పద్దు చూడాలి. ‘తాత్కాలికం’ అనే మాట మన ఊళ్లలో ఏండ్ల కొద్దీ బతకడానికి ఇదొక కారణం. గండి పూడ్చగానే పైల్ మూస్తారు. మళ్లీ వాన వస్తే మళ్లీ గండి, మళ్లీ బస్తాలు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కుండపోత కురిసి రోడ్లు, కల్వర్టులే కాదు, రైలు పట్టాల కింది కట్ట కూడా కొట్టుకుపోయింది. రైలు కట్టను రోజుల్లో బాగుచేసుకున్నారు. ఊరి కల్వర్టుకు మాత్రం ఎప్పుడూ ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబే. చేయదలిస్తే చేయగలరని పట్టాలే సాక్ష్యం చెబుతున్నాయి.

ఆకలికి చందా, వంతెనకు ఖజానా

వరదకు జనం చేయి కలపడం మనకు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. 15 వేల మంది దాకా చనిపోయారని చరిత్ర చెబుతోంది. అఫ్జల్‌గంజ్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. జనం జనాన్ని ఆదుకున్నారు. అన్నం వండి పెట్టారు, తలదాచుకునే చోటిచ్చారు. ఆ వరద తర్వాత నది అదుపు బాధ్యతను మాత్రం ఎవరూ చందాలకు వదిలిపెట్టలేదు. నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టించింది. రాచరికపు సర్కారుకు కూడా తెలిసిన తేడా ఇది. ఆకలికి చందా, వంతెనకు ఖజానా. ఓట్లు వేసి మనం గెలిపించుకున్న సర్కార్లకు ఇది ఎందుకు గుర్తుండదు?

ఈ తేడాను చెరిపేసింది ఎవరో తెలంగాణ పల్లెలకు బాగా తెలుసు. 1997 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో జన్మభూమి మొదలైంది. శ్రమదానం చేయండి, ప్రజల వాటా కట్టండి, అప్పుడే పని మంజూరు అన్నారు. పేరు గొప్పది. లోపల సంగతి ఏమిటంటే, వాటా కట్టగల ఊరికి పని వచ్చింది, కట్టలేని ఊరికి రాలేదు. కాలువ కింద రెండు పంటలు పండే ఊరు వాటా కట్టగలదు. బోరు ఎండి, కొడుకు వలస పోయిన ఊరు ఎక్కడి నుంచి కడుతుంది? ఉన్నోడికే పెట్టుడు, లేనోడిని ఇంకా ఎండబెట్టుడు. దీన్నే భాగస్వామ్యం అని పిలిచారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది, నిధులు మనవయ్యాయి అనుకున్నాం. కానీ ఆ ఆలోచన మాత్రం దఫ్తర్లలో అట్లాగే కూర్చుంది. ఏ పార్టీ గద్దెనెక్కినా ‘మీరు సగం వేసుకుని రండి’ అనే మాట పోలేదు.

ఉద్యమంలో మనం చందాలు ఇవ్వలేదా అని అడగవచ్చు. ఇచ్చాం. ఊరూరా దీక్షా శిబిరాలకు బియ్యం ఇచ్చాం. రోడ్డు మీద వంటావార్పుకు కట్టెలు మోసుకొచ్చాం. 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజుల సకల జనుల సమ్మెలో ఉద్యోగులు జీతాలు వదులుకున్నారు. కానీ ఆ చందా మన హక్కు మనం తెచ్చుకోవడానికి ఇచ్చింది. సర్కారు చేయాల్సిన పని సర్కారుకు బదులుగా చేసిపెట్టడానికి ఇచ్చింది కాదు. రెండూ ఒకటే అనుకుంటే ఉద్యమం నేర్పిన పాఠం మరిచినట్టే.

ఇతర చోట్ల ఏం జరిగిందో చూస్తే చందా బలం, దాని హద్దు రెండూ తెలుస్తాయి. కర్ణాటకలో సుళ్య దగ్గర అరంబూరు ప్రజలు 1989లో పయస్విని నది దాటలేక గిరీశ్ భరద్వాజ్ అనే ఇంజనీరును పట్టుకున్నారు. ఉక్కు తాళ్లతో ఆయన వేలాడే నడక వంతెన కట్టారు, ఊరి జనం చేయి వేశారు. ఆ తర్వాత ఆయన కర్ణాటక, కేరళ, తెలంగాణ, ఒడిశాల్లో అటువంటివి వందకు పైగా కట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. ఊరి శ్రమకు తెలిసిన ఇంజనీరు తోడయ్యాడు. హర్యానాలోని సిర్సా జిల్లాలో పనిహారి ప్రాంత రైతులు ఏండ్ల తరబడి సర్కారును అడిగి విసిగి, కోటి రూపాయల దాకా పోగుచేసి ఘగ్గర్ నది మీద వంతెన కట్టుకున్నారు. అది 2015 ముచ్చట. అప్పటి విజయనగరం జిల్లా సాలూరు మండలం కొండల్లో కొదమ పంచాయతీ గిరిజనులు 2020లో తలా ఇంత వేసుకుని, నగలు కుదువపెట్టి ఘాట్ రోడ్డు వేసుకున్నారు. సినిమా నటుల నుంచి పెద్ద నాయకుల దాకా అందరూ పొగిడారు. పొగిడినవాళ్లలో ఎందరు ఆ నగలు విడిపించే మాట ఎత్తారు?

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. 2023 జూలై 27న ములుగు జిల్లా ఏటూరునాగారం మండలం కొండాయి మీద జంపన్నవాగు విరుచుకుపడింది. ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. దొడ్ల – కొండాయి మధ్య వంతెన కూలింది. అటువంటి వాగు మీద కొత్త వంతెన కట్టడం ఏ గూడెం చందాతోనూ అయ్యే పని కాదు. అక్కడ కూడా ‘ప్రజా చైతన్యం’ పాట పాడితే అది మోసం అవుతుంది.

లెక్కలో లేని వంతెనకు దిక్కెవరు?

చందా వంతెనకు ఇంకో ప్రమాదం ఉంది. అది ఎవరిదీ కాదు. పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో ఎక్కదు. ఇంజనీరింగ్ శాఖ పుస్తకంలో ఉండదు. ఏడాదికోసారి బోల్టులు చూసేవాడు ఉండడు. రేపు మళ్లీ వరదకు పోతే ‘అది మా నిర్మాణం కాదు, నష్టం జాబితాలో రాయలేం’ అంటారు. దాని మీద నుంచి ఎవరైనా పడి చనిపోతే కేసు ఎవరి మీద? చందా వసూలు చేసిన పిల్లల మీదనా?

గుజరాత్‌లో మోర్బీ వేలాడే వంతెన 2022 అక్టోబరు 30న తెగిపోయి 135 మంది మచ్చు నది పాలయ్యారు. అది కూడా నడక వంతెనే. ప్రధాన తాడులోని 49 తీగల్లో 22 ముందే తుప్పు పట్టి ఉన్నాయని దర్యాప్తు బృందం తేల్చింది. దాని నిర్వహణ ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో పెట్టారు. చూడాల్సినవాళ్లు చూడలేదు. సర్కారు పనులు మాత్రం గొప్పగా ఉన్నాయా అంటే అదీ లేదు. పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద 2016లో మొదలైన వంతెన ఏండ్లు గడిచినా పూర్తి కాలేదు. 2024 ఏప్రిల్‌లో గాలిదుమారానికే దాని దూలాలు కింద పడ్డాయి. కాబట్టి కట్టింది సర్కారా, ఊరా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. జవాబుదారీ ఎవరన్నది అసలు ప్రశ్న. సర్కారు వంతెన కూలితే అడగడానికి ఒక శాఖ ఉంది, ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. చందా వంతెనకు మన ముఖమే మనం చూసుకోవాలి.

‘ముందు మీరు కట్టుకోండి, బిల్లు తర్వాత ఇస్తాం’ అనే మాటను నమ్మితే ఏమవుతుందో మాజీ సర్పంచులను అడగండి. అప్పులు తెచ్చి ఊళ్లో పనులు చేయించిన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరితో ముగిసింది. బిల్లులు రాలేదు. బాకీల కోసం రోడ్డెక్కితే అరెస్టులు చేశారు. 2025 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగేదాకా పల్లెల్లో ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. పదవిలో ఉన్న సర్పంచుకే దిక్కులేకపోతే ఊరి చందా కమిటీకి ఎవరు ఇస్తారు? అందుకే కాగితం లేకుండా పని మొదలుపెట్టొద్దు.

చందా పుస్తకం తీసే ముందు

మరి ఏం చేయాలె? చేతులు కట్టుకుని కూర్చోవాల్నా? వద్దు. చేయాల్సిన పని ఇది.

మొదట గ్రామసభ పెట్టి తీర్మానం రాయాలి. మున్సిపాలిటీలో కలిసిన ఊరైతే వార్డు జనం సంతకాలతో వినతిపత్రం రాయాలి. అందులో మూడు మాటలు స్పష్టంగా ఉండాలి. వంతెన ఏ తేదీన పోయింది, దాని మీద ఆధారపడినవాళ్లు ఎందరు, ఊరు ఇప్పుడు పెట్టే ఖర్చు సర్కారు తిరిగి ఇవ్వాల్సిన బాకీ. ఆ కాగితం ఎంపీడీవోకు, ఇంజనీరింగ్ శాఖకు, కలెక్టరేట్ ప్రజావాణికి ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. ఎంపీ నిధి ఏడాదికి 5 కోట్లు ఉంటుంది. దానికీ ఒక ప్రతి పెట్టాలి.

రెండు, ఇంజనీరు రాసిచ్చిన అంచనా లేకుండా ఒక్క రాయి కూడా వేయొద్దు. ఈసారి వరద ఎంత ఎత్తున పోయిందో చెట్ల మీద, గోడల మీద బురద గీతలు ఉండగానే గుర్తు పెట్టించాలి. నెల పోతే ఆ గీత చెరిగిపోతుంది. వంతెన అంతకన్నా ఎత్తుండాలి. వాగు నడుమ స్తంభాలు ఎంత తగ్గితే అంత మంచిది. చెత్త తట్టుకునేది వాటికే.

మూడు, అడిగే వరుస మార్చాలి. ముందు ఐలాను అడగాలి. తర్వాత చుట్టుపక్కల కంపెనీలను అడగాలి. ఆ తర్వాత ప్లాట్లు అమ్ముకున్న వ్యాపారులను. ఆ తర్వాత నౌకరీ ఉన్నవాళ్లను. అందరికన్నా ఆఖరున కూలోళ్ల ఇంటికి పోవాలి. ‘ఇంటికింత’ అని ఒకే రేటు కట్టడం సమానత్వం కాదు, లేనోడి మీద పన్ను. మూడంతస్తుల ఇంటికీ రేకుల షెడ్డుకూ ఒకటే చందా ఏమిటి? ఇవ్వలేనివాళ్లను పని చేయమని బలవంతం చేయడమూ వద్దు. అది వెట్టి అవుతుంది. వెట్టి మీద కొట్లాడిన నేల ఇది. కిరాయి గదుల్లో ఉండే ఒడిశా, బీహార్, యూపీ కార్మికులు కూడా అదే వాగు దాటి షిఫ్టుకు పోతారు. చందాకు వాళ్ల తలుపు తట్టి, మీటింగుకు మాత్రం ‘బయటోళ్లు’ అని పక్కన పెట్టడం మనకు తగదు.

నాలుగు, పైసలు ఒక్కరి జేబులో ఉండొద్దు. బ్యాంకు ఖాతా ముగ్గురి పేరు మీద ఉండాలి. అందులో ఒకరు మహిళా సంఘం నుంచి ఉండాలి. వారం వారం జమ, ఖర్చు పంచాయతీ గోడ మీద రాయాలి. లెక్క చెప్పని కమిటీకి సర్కారును లెక్క అడిగే నోరు ఉండదు.

ఐదు, పని పూర్తయిన రోజే వంతెనను పంచాయతీ రిజిస్టరులో ఎక్కించాలి. శిలాఫలకం మీద నాయకుడి పేరు వద్దు. ఊరు పెట్టిన ఖర్చు, సర్కారు బాకీ పడ్డ మొత్తం, తేదీ రాయాలి. ఓట్లు అడగడానికి ఎవరు వచ్చినా ఆ ఫలకం చదివి రావాలి.

సర్కారు దగ్గర పైసల్లేవు అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఒక్కటే జవాబు. ఇది పెద్ద ప్రాజెక్టు కాదు, నడిచే వంతెన. ఒక సభకు వేసే టెంట్లు, పత్రికల్లో నిండు పేజీ ప్రకటనలు చూస్తున్న జనానికి ఈ మాట చెప్పడానికి ధైర్యం ఉండాలి. ఊరు తన పనులు తాను చేసుకుంటే తప్పేముంది, గాంధీ చెప్పిందీ అదే కదా అనేవాళ్లూ ఉంటారు. తప్పు లేదు. అయితే ఊరి పన్ను ఊరికే వదిలేయండి. పన్ను పైకి, పని కిందికి అంటే అది గ్రామ స్వరాజ్యం కాదు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. 2024 సెప్టెంబరు వరదలప్పుడు ఉద్యోగుల జేఏసీ ఒక రోజు మూలవేతనం, సుమారు 100 కోట్ల రూపాయలు, ముఖ్యమంత్రి సహాయనిధికి ప్రకటించింది. గొప్ప మనసు. ఇచ్చిన మీకే అడిగే హక్కు కూడా ఉంది. ఏ ఊరికి ఎంత పోయింది, ఏ కల్వర్టు లేచింది అని ఊరి పేర్లతో జాబితా అడగండి. మీరు కూర్చునే దఫ్తర్లలోనే ఆ వంతెన అంచనా పైల్ కట్ట కట్టి ఉండవచ్చు. దాని దుమ్ము దులపడానికి చందా అవసరం లేదు.

విద్యార్థులకు ఇంకో మాట. చందా డబ్బా పట్టుకుని బస్టాండులో నిలబడే ఓపిక మీకుంది. అంతే ఓపికతో నక్కవాగు వెంట నడవండి. ఏ ఊళ్లో వంతెన పోయింది, ఎన్నేళ్లయింది, ఎవరు ఎంత చందా వేసుకున్నారు, సర్కారు ఎంత ఇచ్చిందో ఒక నోటుబుక్కులో రాయండి. ఒక్క ఊరి బాకీ అయితే అది వినతిపత్రం. అన్ని ఊళ్ల బాకీ ఒక్కచోట కూడితే అది డిమాండు. దాన్ని చెత్తబుట్టలో వేయడం ఏ సర్కారుకూ సులువు కాదు.

వాగు దాటనీకి చందా ఇద్దాం. ఇచ్చిన ప్రతి పైసా రాసిపెడదాం. రాసిన బాకీ వసూలయ్యేదాకా వదలొద్దు.